క్యాన్ ఒంటరిగా పోతుంది

మా వర్క్‌షాపు లిఫ్టులో ద్రవ నత్రజని క్యాన్ ఎక్కితే మనిషి ఎక్కకూడదు. ఈ నియమం పెట్టింది నేనే, పంతొమ్మిదేళ్ల కింద. కింది అంతస్తులో ఒకరు క్యాన్‌ని లోపలికి తోసి, గుమ్మానికి అడ్డంగా పసుపు గొలుసు తగిలించి, దానికి ‘క్యాన్ ఒంటరిగా పోతోంది, ఎక్కొద్దు’ అన్న అట్ట వేలాడదీసి, పై అంతస్తు మీట నొక్కి బయటికి వచ్చేయాలి. పైన ఇంకొకరు దాన్ని దింపుకోవాలి. పంపేముందు మధ్య అంతస్తుకి ఫోన్ చేసి ‘క్యాన్ వస్తోంది’ అని చెప్పాలి, వాళ్లు లిఫ్టుని ఆపకుండా ఉండటానికి.

కొత్తగా చేరినవాళ్లు ఈ మర్యాదలన్నీ చూసి నవ్వుతారు. నవ్వినవాళ్లకి నేను ఒకే ఒక్క లెక్క చెబుతాను. ఒక లీటరు ద్రవం ఆవిరైతే ఏడువందల లీటర్ల వాయువవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పీల్చినవాడికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు. లిఫ్టు పెట్టెలో నాలుగు లీటర్లు ఒలికితే చాలు, మనిషి హాయిగా కూర్చుని, హాయిగా పోతాడు. అంతటితో నవ్వు ఆగుతుంది.

మాది హట్ లోయ చివర, సముద్రం ఒడ్డున, మూడంతస్తుల పాత కట్టడం. మేము అతివాహక టేపుతో అయస్కాంతాలు చేస్తాం. రిబ్బనంత పల్చటి టేపు అది. బాగా చల్లబరిస్తే అందులో కరెంటు ఏ అడ్డూ లేకుండా పోతుంది. పుస్తకాల్లో దీన్ని ‘అధిక ఉష్ణోగ్రత’ అతివాహకం అని రాస్తారు. సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు కింద ఉంటే అది మా వాళ్లకి అధిక ఉష్ణోగ్రత. ఈ మాట విన్నప్పటి నుంచీ మా ఆయన చలికాలంలో హీటరు వేయమన్నప్పుడల్లా నన్ను ఎగతాళి చేస్తాడు.

కింది అంతస్తు నాది. బయట ఉన్న పెద్ద ట్యాంకు నుంచి క్యాన్లు నింపి పైకి పంపుతాను. మధ్య అంతస్తులో నెవిల్ టేపుని కాయిళ్లుగా చుడతాడు, ముక్కకీ ముక్కకీ టంకంతో అతుకు వేస్తాడు. పై అంతస్తులో సెమిసి ఆ కాయిళ్లని ద్రవ నత్రజనిలో ముంచి కరెంటు పంపి పరీక్షిస్తాడు. సెమిసి టోంగా దీవుల నుంచి వచ్చిన అబ్బాయి. అబ్బాయి అంటే ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, తలుపుకి అడ్డం నిలబడితే వెనకాల వెలుతురు కనపడదు.

నెవిల్‌కి అరవై మూడు. అతనూ నేనూ ఇరవై ఆరేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. ఈ ఇరవై ఆరేళ్లలో నేను చెప్పిన ఒక్క మాటకైనా ఔనన్న పాపాన పోలేదు. వాన పడుతోందంటే చినుకులే అంటాడు. నేను చెప్పబోయే మంగళవారానికి మూడు వారాల ముందు అతనికి మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరు ఇంకో రెండు వారాలు ఇంట్లో ఉండమన్నాడు. ఆయన మాటకీ ఔనలేదు, చేతికర్రతో పనిలోకి వచ్చేశాడు.

ఆ మంగళవారం పొద్దున్నే మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. మధ్యాహ్నం అయస్కాంతం కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు కొత్త కాయిల్‌కి పరీక్ష జరగాలి. నేను దాన్ని చూడటానికి మధ్య అంతస్తుకి వెళ్లాను. ఏడో అతుకు రంగు నాకు నచ్చలేదు.

“దీన్ని కాల్చేశావు నువ్వు,” అన్నాను.

“కాల్చలేదు. నూట ఎనభై డిగ్రీలు దాటనివ్వలేదు,” అన్నాడు.

“రంగు చూడు.”

“రంగు నువ్వు చూడు. ఆ కళ్లద్దాలు తుడుచుకుని చూడు.”

అంతవరకూ మాకు మామూలే. కానీ ఆరోజు చుట్టూ నలుగురున్నారు, మా మేనేజరు గ్వెన్ కూడా ఉంది, నాకు పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంది. నోరు జారాను. “నీ చెయ్యి వణుకుతోంది నెవ్. సంవత్సరం నుంచీ చూస్తున్నా. ఇంక మానెయ్యి,” అన్నాను.

అతను చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి ఊరుకుంటే చూసేవాళ్లకి ఎంత ఇబ్బందో అంత ఇబ్బందీ అక్కడున్నవాళ్లు పడ్డారు. నేను కిందికి వచ్చేశాను. క్షమించమని అడగాలని మెట్లమీదే తోచింది. అడగలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రోజూ పదింటికి సెమిసి ఖాళీ క్యాన్‌ని కిందికి పంపుతాడు. నేను దాన్ని నింపి పదకొండింటికి పైకి పంపుతాను. ఖాళీ క్యాన్‌తో ఏ ప్రమాదమూ లేదు. అయినా బద్ధకం కొద్దీ ఆ గొలుసూ అట్టా అలాగే వేలాడుతూ కిందికి వస్తాయి. మధ్య అంతస్తు వాళ్లు గొలుసు దాటి, ఖాళీ క్యాన్ పక్కన నిలబడి టీకి దిగుతారు. నేనూ దిగాను, ఎన్నోసార్లు. నియమం పెట్టినదాన్నే దాని అట్టకి విలువ లేకుండా చేశాను. ఇక మిగిలిన కాపలా ఫోన్ ఒక్కటే.

ఆరోజు కొనేవాళ్లు వస్తున్నారు కాబట్టి సెమిసి కాయిళ్లు ముంచే తొట్టి తొందరగా చల్లబడాలని ఇంకో క్యాన్ నింపి పదింటికే పైకి పంపాను. యాభై లీటర్ల క్యాన్, మెడదాకా నిండింది. గొలుసు వేశాను, అట్ట తగిలించాను. ఫోన్ దగ్గరికి వెళ్లాను. మధ్య అంతస్తులో ఫోన్ ఎత్తేది నెవిల్. చేత్తో రిసీవరు పట్టుకుని, మళ్లీ పెట్టేశాను. నిమిషంలో పోయే లిఫ్టు, ఎవరాపుతారులే అనుకున్నాను. పై అంతస్తు మీట నొక్కి బయటికొచ్చాను.

లిఫ్టు కదిలి నిమిషం కాకముందే నేల కదిలింది.

మా ఊళ్లో భూమి కదలటం వింత కాదు. మొదట సముద్రం వైపు నుంచి లారీ వస్తున్న చప్పుడు, తర్వాత కిటికీల గలగల, ఆ తర్వాత అసలుది. నేను బల్ల కింద దూరి దాని కాలు పట్టుకున్నాను. పైన సీసాలు పడ్డాయి. ట్యాంకు గొట్టాలు గోడని కొట్టుకున్నాయి. దీపాలు ఆరిపోయాయి. అంతా కలిసి ఇరవై సెకన్లుంటుందేమో. ఆగాక, ఇక్కడ అందరూ చేసినట్టే నేనూ మనసులో భూకంపం తీవ్రతకి ఒక అంకె అనుకున్నాను. ఆరు.

భూమి కదిలితే లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, అలా అమర్చారు. నిండు క్యాన్‌తో మధ్యలో ఆగి ఉంటుందని తెలుసు. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే గర్వం వేసింది. ఇదిగో, ఇందుకే క్యాన్ ఒంటరిగా పోవాలన్నాను, పంతొమ్మిదేళ్ల తర్వాతైనా నా మాట నిలిచింది అనుకున్నాను. బల్ల కింద నుంచి లేస్తున్నాను.

అప్పుడు లిఫ్టులో ప్రమాద గంట మోగింది.

ఆ గంట దానంతటది మోగదు. లోపలున్నవాళ్లు నొక్కాలి. క్యాన్‌కి చేతుల్లేవు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మధ్య అంతస్తులో అందరూ బయటికి దిగిపోతున్నారు. నెవిల్ కుర్చీ ఖాళీగా ఉంది. చేతికర్ర లేదు. లిఫ్టు తలుపుని పిడికిలితో బాదాను.

“లోపలెవరు?”

“రాణిగారు. ఇంకెవరుంటారు?” అంది నెవిల్ గొంతు, కొంచెం పైనుంచి. “నీ లిఫ్టు చచ్చింది నైరీ. ఎంత అనుకున్నావ్? నేను ఐదు పాయింట్ ఆరు.”

“నెవ్, గొలుసు కనపడలేదా నీకు?”

“కనపడింది. పదింటి ఖాళీ క్యాన్ దిగుతోందనుకుని ఎక్కా. ఎక్కితే పైకి పోతోందేంటిది?”

“అది నిండుది.”

 గంట ఆగింది.

“తెలుస్తూనే ఉందిలే,” అన్నాడు. “నా కుడి బూటు తెల్లగా అయిపోయింది.”

“క్యాన్ ఎలా ఉంది? సరిగ్గా చెప్పు.”

“పక్కకి ఒరిగి గోడకి ఆనింది. మూత ఎగిరిపోయింది. మెడ నుంచి ధార కడుతోంది, సన్నగా. చీకటి, ఏదో ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది. నేలంతా పొగ. మోకాళ్ల దాకా ఉంది. ఆగు, దీన్ని నిలబెడతా.”

“వంగావంటే చంపేస్తా!” అని అరిచాను. “వంగొద్దు, కూర్చోవద్దు. చల్లటి గాలి కిందికి దిగుతుంది. మంచి గాలంతా నీ నెత్తి దగ్గరుంది. కడ్డీ పట్టుకుని నిలబడే ఉండు.”

“నా మోకాలి సంగతి తెలుసుగా.”

“తెలుసు. నిలబడు.”

గ్వెన్ మెట్లమీద నుంచి అరిచింది. అగ్నిమాపకం వాళ్లు ఇరవై నిమిషాలంటున్నారు, హట్‌లో మూడు చోట్ల గ్యాసు కారుతోందట, లిఫ్టు వాళ్లు గంటకి తక్కువ కాదంటున్నారు. ఇరవై నిమిషాలు. పెట్టె ఎంతుంటుందో, ధార ఎంతుంటుందో మనసులో లెక్క కట్టాను. సగం సమయం కూడా అతనికి లేదు.

సెమిసి పైనుంచి మెట్లు దూకుతూ వచ్చాడు. చేతిలో లిఫ్టు తాళంచెవి ఉంది. లిఫ్టు బాగుచేసే మనిషి మాకిచ్చి, ఎప్పుడూ వాడొద్దని మాట తీసుకున్న తాళంచెవి అది.

“ఆంటీ, పైన తలుపు తీసి చూశా. లిఫ్టు కప్పు మన పై అంతస్తుకి జానెడు కిందుంది. కప్పులో మూత ఒకటుంది, బోల్టు బయటే ఉంది.”

“మెయిన్ స్విచ్ ఆపావా?”

“ఆపేశా.”

నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె సరిగ్గా రాదు, రెండోది కూడా పెట్టాలి. ఇదీ అంతే. కింద సందు చేస్తే చల్లటి నత్రజని బయటికి కారుతుంది, పైన మూత తీస్తే మంచి గాలి లోపలికి దిగుతుంది. ఒక్కటే చేస్తే చాలదు. ఆ మూత తీయాలంటే సెమిసి కప్పు మీద ఎక్కాలి. మా ఊళ్లో ఒక కుదుపు తర్వాత ఇంకోటి రాకుండా ఉండదు. అతనికి ఇద్దరు పిల్లలని నాకు గుర్తుంది. గుర్తుండి కూడా చెప్పాను.

“ముందు ఈ తలుపు తీసిపెట్టు. తర్వాత పైకెళ్లు. మూత తీసి, కాయిళ్లు ఆరబెట్టే గాలి గొట్టం లోపలికి దించు. దిగొద్దు. వాడు పడిపోయినా సరే దిగొద్దు. దిగితే ఇద్దరవుతారు.”

“నేను లావు ఆంటీ. ఆ కప్పు ఆగుతుందా?”

“మెకానిక్కులు ఎక్కటానికే కట్టారు దాన్ని. పో.”

అతను తాళంచెవి తిప్పి తలుపు పక్కకి లాగాడు. లిఫ్టు నేల నా రొమ్ముల ఎత్తున ఉంది, దాని కింద చీకటి గొయ్యి. లిఫ్టు లోపలి తలుపు మూసే ఉంది. కిటికీలన్నీ తెరవమని గ్వెన్‌కి చెప్పి కిందికి పంపేశాను. ఆరోజు దక్షిణపు ఈదురుగాలి గట్టిగా కొడుతోంది. ఎప్పుడూ తిట్టుకునే గాలి, ఆరోజు దండం పెట్టాలనిపించింది. గడ్డపార తెచ్చి తలుపు సందులో దోపాను. చొక్కాకి తగిలించుకున్న ఆక్సిజన్ మీటరుని సందు దగ్గర పెట్టాను. మామూలు గాలిలో నూటికి ఇరవై పాయింట్ తొమ్మిది ఉండాల్సింది, అక్కడ పన్నెండు చూపించి కీచుమంది.

“ఏంటా కీచు?” అన్నాడు నెవిల్.

“ఏం లేదు. నువ్వు మాట్లాడుతూ ఉండు.”

“ఏం మాట్లాడను? మోకాలు మండిపోతోంది. ఒక్క నిమిషం కూర్చుని లేస్తా.”

కూర్చుంటే లేవడు. బతిమాలితే వినే రకం కాదు. అతన్ని నిలబెట్టగలిగేది ఒక్కటే ఉంది, అది నాకు బాగా వచ్చు.

“కూర్చో మరి,” అన్నాను. “ఏడో అతుకు కాల్చినవాడివి, నిలబడటం మాత్రం ఎలా వస్తుంది?”

“కాల్చలేదన్నానా!” గొంతు పైకి లేచింది. “నూట ఎనభై. రాసిపెట్టా కూడా.”

“రాసింది ఎవరు? ఆ వణికే చెయ్యేనా?”

“వణికింది చెయ్యి. అతుకు కాదు. టంకం పోసేటప్పుడు మణికట్టు బల్లకి ఆనిస్తా, అప్పుడు వణకదు. పాతికేళ్లు పక్కనుండీ చూడలేదా నువ్వు? చూడవు. నీకు నీ క్యాన్లు తప్ప ఇంకేం కనపడవు.”

“ఆరో అతుకు కూడా నాకు అనుమానమే.”

“ఆరోదా! ఆరోదాన్ని నువ్వే మెచ్చుకున్నావ్!”

“అబద్ధం. నేనెప్పుడూ నిన్ను మెచ్చుకోలేదు.”

“అదొక్కటి నిజం,” అన్నాడు. నవ్వాడు, దగ్గాడు.

గడ్డపార మీద బరువంతా వేశాను. తలుపు రెండు వేళ్ల మందం కదిలింది. తెల్లటి పొగ నా చేతుల మీద నుంచి, నడుం మీద నుంచి గొయ్యిలోకి కారింది. వేళ్లు మొద్దుబారాయి. మీటరు పది చూపిస్తోంది. పైన సెమిసి అడుగుల చప్పుడు, కప్పు మీద ఇనుము మోగింది.

అప్పుడు రెండో కుదుపు వచ్చింది. చిన్నదే. గడ్డపార నా చేతిలోంచి జారి గొయ్యిలో పడింది, అది కింద తగిలి ఖంగుమంది. తీగలు కిర్రుమన్నాయి. పైనుంచి సెమిసి తన భాషలో దేవుణ్ణి పిలిచాడు.

“సెమిసీ!”

“ఉన్నా ఆంటీ. ఉన్నా. బోల్టు తుప్పు పట్టింది.”

“నెవ్!”

జవాబు రాలేదు.

“నెవ్! ఎంత అన్నావ్ ఇందాక? ఐదు పాయింట్ ఆరా? నీ మొహం. ఆరుంటుంది.”

“ఊఁ,” అన్నాడు. గొంతు మెత్తగా ఉంది, నిద్రలో మాట్లాడినట్టు. “ఆరేలే. నువ్వన్నట్టే.”

తలుపు సందుకి చెవి ఆనించాను.

“ఏడో అతుకు?” అన్నాను.

“కాలిపోయే ఉంటుంది నైరీ. నువ్వే కరెక్టు.”

ఇరవై ఆరేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది.  నెవిల్ నాతో ఔనన్నాడంటే అక్కడ నెవిల్ లేడు. ఆక్సిజన్ తగ్గితే మనిషికి ముందు పోయేది మొండితనమే. అంతా బాగున్నట్టు, అందరూ మంచివాళ్లన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు.

“కాలలేదు!” అని గొంతు చించుకుని అరిచాను. “బాగుంది అతుకు! నేనే తప్పు! కాదను! తిట్టు నన్ను! నిలబడే ఉన్నావా?”

“నిలబడే ఉన్నా,” అన్నాడు.

ఆ మాట పైనుంచి రాలేదు. నా మొహానికి ఎదురుగా, నేల దగ్గర సందులోంచి వచ్చింది.

గడ్డపార లేదు. రెండు చేతులూ సందులో పెట్టి తలుపుని లాగాను. భుజంలో ఏదో కలుక్కుమంది. మీటరు ఒకటే గోల. నాకూ తల తేలిపోతున్నట్టు అయింది. మొహం పక్కకి తిప్పి కిటికీ వైపు నుంచి గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి మళ్లీ లాగాను. మూడోసారికి తలుపు మూరెడు జరిగింది. పొగలో అతని చెయ్యి కనపడింది, అరచెయ్యి పైకి పెట్టి ఉంది. పట్టుకున్నాను. అది వణకటం లేదు. ఆ చెయ్యి వణికితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

పైన దబ్బుమని చప్పుడైంది. లిఫ్టులోకి వెలుతురు పడింది.

“తీశా ఆంటీ! కింద పడున్నాడు! నేను దిగుతున్నా!”

“దిగొద్దు! గొట్టం! నీలిది, నల్లది కాదు!” పైన రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. నీలిదాంట్లో గాలి, నల్లదాంట్లో నత్రజని.

“నీలిదే! నాకు తెలుసు!”

కరెంటు లేకపోయినా గాలి సిలిండరులో నిలవ ఉంటుంది. గొట్టం బుస్సుమంటూ దిగింది. సెమిసి దాన్ని పైనుంచి ఊపుతూ నెవిల్ మొహం మీదికి తెచ్చాడు. లోపలి పొగంతా ఒక్కసారిగా తలుపు సందులోంచి నా మీద నుంచి పొర్లి గొయ్యిలోకి పోయింది. నేను అతని చెయ్యి వదల్లేదు. కళ్లు మీటరు మీద పెట్టుకున్నాను. తొమ్మిది. పదకొండు. పదకొండు దగ్గరే ఆగింది. పధ్నాలుగు. పదిహేడు.

చెయ్యి కదిలింది. తర్వాత వణికింది.

“ఎవడ్రా అది,” అన్నాడు నెవిల్, దగ్గుతూ. “చెవిలో ఊదుతాడేంటి.”

సెమిసి పైన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. దాచుకోలేదు.

అగ్నిమాపకం వాళ్లు పద్దెనిమిది నిమిషాలకి వచ్చి అతన్ని దించారు. బయట గడ్డి మీద దుప్పటి కప్పి, మొహానికి ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. కుడి పాదం చలికి కమిలి బొబ్బలెక్కింది, రెండు వేళ్లు ఉంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కొనేవాళ్ల కారు వచ్చి, గ్వెన్‌తో రెండు మాటలు మాట్లాడి వెనక్కి పోయింది. నేను అతని పక్కన గడ్డి మీద కూర్చున్నాను. చెప్పాల్సిన మాట చెప్పాను.

“ఫోన్ చేయలేదు నేను. నీతో మాట్లాడటం ఇష్టంలేక.”

అతను మాస్కు పక్కకి తీశాడు. “తెలుసు,” అన్నాడు. “ఫోన్ రాలేదు కాబట్టే ఖాళీది అనుకున్నా. ఎంత కోపమొచ్చినా నైరీ ఫోన్ మాత్రం చేస్తుంది అనుకున్నా.”

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అతను అలా అన్నాక నాకు అతని మొహంలోకి చూడటం చేతకాలేదు. పాదానికి కట్టిన కట్టు వైపు చూస్తూ కూర్చున్నాను.

“కిందికి ఎందుకు వస్తున్నావ్? టీకా?” అని అడిగాను చివరికి.

“నీ దగ్గరికే. పొద్దున గొడవ సగంలో ఆపి పోయావ్. నాకు ఇంకా చాలా మిగిలి ఉంది.”

వాళ్లు అతన్ని బండి ఎక్కించారు. సాయంత్రం వార్తల్లో ఐదు పాయింట్ ఆరు అన్నారు.

ఇప్పుడు మా లిఫ్టు అట్ట ఖాళీ క్యాన్ల మీద ఉండదు. ఖాళీ క్యాన్ దిగేటప్పుడు గొలుసూ అట్టా విప్పి మేకుకి తగిలించాకే లిఫ్టు కదలాలి. ఫోన్‌లో అవతలివాళ్లు ‘విన్నాను’ అని జవాబు చెప్పేదాకా మీట నొక్కకూడదు. ఈ రెండూ కొత్త నియమాలు. వీటి కింద నేను చేసిన తప్పు కూడా నా పేరుతో రాసి గోడకి అంటించాను. గ్వెన్ పేరు అక్కర్లేదంది. నేనే ఉంచాను.

శుక్రవారం సెమిసి కాయిల్‌ని తొట్టిలో ముంచి కరెంటు పంపాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఏడు అతుకుల్లోకీ తక్కువ అడ్డు చూపించింది ఏడోదే. మిగతావాటిలో సగం కూడా లేదు. సెమిసి ఏమీ అనకుండా ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

పని అయ్యాక సరాసరి ఆసుపత్రికి వెళ్లాను, చొక్కా కూడా మార్చుకోలేదు. వేళ్లు రెండూ నిలుస్తాయని ఆ పొద్దున్నే చెప్పారట. నెవిల్ దిండుకి ఆనుకుని మాంసం పెట్టిన పఫ్ తింటున్నాడు, దాని పొరలు దుప్పటి మీద రాలుతున్నాయి. చెయ్యి కొంచెం వణుకుతోంది. దాచుకోవటం లేదు. నేను మంచం పక్కన నిలబడి కాగితం ఇచ్చాను.

“ఏడో అతుకు అన్నిటికన్నా బాగుంది,” అన్నాను. “నువ్వే కరెక్టు. నేనే తప్పు. అందరి ముందూ అలా అనకూడదు.”

అతను కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. తర్వాత నా మొహం చూశాడు. తర్వాత నా చొక్కాకి తగిలించి ఉన్న మీటరు చూశాడు.

“నైరీ,” అన్నాడు, “అది ఎంత చూపిస్తోంది?”

తల వంచి చూసుకున్నాను. “ఇరవై పాయింట్ తొమ్మిది.”

“సరిగ్గా చూశావా?”

“చూశా.”

“అయితే ఇంకోసారి చెప్పు,” అన్నాడు.

ఇంకోసారి చెప్పాను.